తుడవకుండా దిద్దడం

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా పెద్దబాపు పోయారు. మా బాపుకు అన్న. ఛత్రినాకలో మా పాల దుకాణం పైన రెండు గదుల్లో ఉండేవారు. హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యారు. గుండె ఆగిందని డాక్టరు చెప్పి గంటయినా కాలేదు, వాకిట్లో టీ గ్లాసులు తిరగడం మొదలైంది. వాటితోపాటే తీర్పులూ.

"ఆ కేసే తిన్నది మనిషిని," అన్నారు ఎవరో. ఆయనతో కలిసి పనిచేసిన ఒక పెద్దమనిషి మా బాపు భుజం మీద చెయ్యేశాడు. "పోలీసోళ్ల మీద గిట్ల కేసులు పెడితే నౌకరికి ఎవడస్తడు భాయ్? మీ అన్న లొల్లికి ఆ ఏడు మా స్టేషన్ల ఇద్దరు పోరగాళ్లు ఇడిసిపెట్టి పోయిండ్రు."

శవం ముందు! అదీ నన్ను చూస్తూ. నాకు కానిస్టేబుల్ ఉద్యోగం వచ్చిందనీ, పదిహేను రోజుల్లో ట్రైనింగులో చేరాలనీ గల్లీ అంతటికీ తెలుసు.

చిన్నప్పటి నుంచీ విని విని విసుగెత్తిన మాట ఇది. అసలు జరిగింది చెబుతాను.

పెద్దబాపు స్టేషన్లో రైటరు. ఎవరు ఎప్పుడొచ్చారు, ఎప్పుడెళ్లారు, అన్నీ డైరీలో రాసే పని. ఒకరోజు పొద్దున పదింటికి దొంగతనం అనుమానంతో ఒక కుర్రాణ్ణి తీసుకొచ్చారు. ఎస్సై కొట్టిన దెబ్బలకు అతని చెయ్యి విరిగింది. అతను సాయంత్రం నాలుగింటికి, విరిగిన చేత్తోనే వచ్చాడని రాయమన్నాడు ఎస్సై. పెద్దబాపు రాశారు. అవును, రాశారు. ఇంటికి బయల్దేరి, గేటు దాకా పోయి, వెనక్కొచ్చి ఆ మాట మీద ఒక్క గీత గీశారు. పక్కన 'పొద్దున పది, చెయ్యి ఇక్కడే విరిగింది' అని రాసి పొట్టి సంతకం పెట్టారు.

ఆ గీతే కేసయింది. ఎస్సైతో పాటు, మొదట అబద్ధం రాసినందుకు పెద్దబాపు కూడా ముద్దాయి. తొమ్మిదేళ్ల వాయిదాల తర్వాత ఎస్సైకి శిక్ష పడింది, ఈయన్ని వదిలేశారు. "గెలిచినవ్ గద పెద్దబాపూ," అంటే ఒప్పుకునేవారు కాదు. "నాలుగని రాసింది గూడ నా చెయ్యే బిడ్డా." ఈ మాటతో నన్నెంత సతాయించారో!

ఇంట్లోనూ అదే పద్ధతి. బోనాల సామాన్ల చీటీలో కొబ్బరికాయలు ఐదు కొట్టేసి ఏడు, పక్కన సంతకం. "కొబ్బరికాయలకు సంతకమేంది బావా?" అని అమ్మ నవ్వితే, "రేపు నేనే మాట మారిస్తే?" అనేవారు. నా నోటుపుస్తకంలో వైట్‌నర్ కనిపించిందా, ఇక నా పని అయిపోయినట్టే. "దిద్దుకోను జాగ ఉండాలె. తుడుసుకోను కాదు."

ఇక ఆ వెళ్లిపోయిన ఇద్దరి సంగతి. నేను దరఖాస్తు పెట్టిన రోజు బాపు కంచం ముందు నుంచి లేచిపోయాడు. "మా ఇంట్ల కోర్టు మెట్లెక్కినోడు ఒక్కడు చాలు." మర్నాడు పెద్దబాపు నన్ను బండెక్కించుకున్నారు. "నన్నడుగకు. నౌకరి ఇడిసి పోయినోళ్లనే అడుగు."

ఒకాయన బేగంబజార్‌లో గిన్నెల దుకాణంలో ఉన్నాడు. "కేసుకు భయపడే పోయిన అన్నా, అబద్ధమెందుకు? అప్పటికి నా పెండ్లయి నెల గాలే," అన్నాడు, గిన్నెలు సర్దుతూనే. ఇంకొకాయన సైదాబాద్‌లో ఆటో నడుపుతాడు. "కేసుకు కాదు చెల్లె. అన్నతోని తప్పు రాయించిండ్రు, రేపు నాతోని రాయిస్తరు. అన్న ఎనుకకొచ్చి దిద్దిండు. నాకు గంత దమ్ము లేకుండె."

తిరిగొస్తూ పెద్దబాపు ఒకటే అన్నారు: "రెండూ గుర్తుపెట్టుకో. నీకు నచ్చింది ఒక్కటే పెట్టుకోకు." చేరమనలేదు, వద్దనలేదు. ఒక్క ముక్క చెప్పొచ్చు కదా! వాకిట్లో ఆ పెద్దమనిషి మాత్రం ఇద్దరినీ ఒకే గాటన కట్టి, టీ తాగి వెళ్లిపోయాడు.

పెద్దకర్మ మర్నాడు ట్రైనింగు ఫారం ముందేసుకున్నాను. 'ఆపదలో ఎవరికి తెలియజేయాలి' అన్న గడిలో, ఆయన బతికుండగానే, పెద్దబాపు పేరు రాసి పెట్టుకున్నాను. బాపు తన పేరు రాయనివ్వలేదు మరి. ఇప్పుడు బాపు వచ్చి పక్కన కూర్చున్నాడు.

"వైట్‌నర్ పెట్టు, సాఫ్‌గ ఉంటది."

"పెట్టను బాపూ."

పెద్దబాపు పేరు మీద ఒక్క గీత గీసి పక్కన సంతకం పెట్టాను. బాపు ఫారం మీదికి వంగాడు. "నా పేరు రాయి. నంబరు గూడ," అని ఒక్కో అంకె చెప్పసాగాడు. నా కళ్లు మసకబారి ఆరో అంకె తప్పు పడింది.

"ఆగు," అన్నాడు బాపు. "గీత కొట్టు. సంతకం పెట్టు."

పెట్టాను. ఫారం గలీజుగానే ఉంది. పై గీత వెనక పెద్దబాపు పేరు మాత్రం ప్రతి అక్షరం చదవొచ్చు.