మూడు గోడల ఊళ్లో వేగు ఎవరు

అనుమానం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పాలవాడు నీళ్లు కలిపాడేమోనని చిన్నప్పుడు గిన్నెలో వేలు ముంచి చూసేవాణ్ణి. "దేవుడొచ్చి ఎదురుంగ నిలబడ్డా రేషన్ కార్డు చూపెట్టుమంటడు వీడు" అని మా అమ్మ అందరికీ చెప్పి నవ్వేది. ఆ జబ్బు ఇంకో మనిషి బతుకు మీదికి వచ్చింది మాత్రం సౌదీలో, ఖతీఫ్ దగ్గర మా క్యాంపులో. అక్కడ సముద్రపు నీళ్లను మంచినీళ్లు చేసే ప్లాంటు మరమ్మతుల కంపెనీలో నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని. పైపులు ఎక్కడెక్కడ పోతాయో కాగితం మీద గీయడం నా పని.

మా ఆఫీసులో ఒక తెల్ల ఇంజనీరు ఉండేవాడు. సెలవు రోజుల్లో వాళ్ల కాంపౌండ్‌లో నలుగురైదుగురు కూడి ఒక ఆట ఆడేవారు. అందులో పేకముక్కలుండవు. ఒకడు కథ నడుపుతాడు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర తీసుకుని ఆ పాత్రలాగే మాట్లాడతారు, తలపెట్టిన పని అయిందో కాలేదో పాచికలు తేలుస్తాయి. ఆ ఆట కోసం ఆయన ఒక ఎడారి నగరాన్ని ఊహించి పెన్సిల్‌తో గీశాడు. ఇంకుతో శుభ్రంగా వేసిపెట్టమని నాకిచ్చాడు. ఊరికి మూడు గోడలు. అన్నిటికన్నా లోపలి గోడలో బావులు, తోటలు, అమీరు మేడ. నడిమి గోడలో వర్తకుల ఇళ్లు. బయటి గోడ లోపల ఏమీ లేవు, ఊరికే అడ్డగీతలు కొట్టి పక్కన "పనివాళ్లు" అని రాశాడు. చెప్పినట్టే వేసిచ్చి, బాగుందని నాకోసం ఒక కాపీ దాచుకున్నాను. తొంభై ఆగస్టులో ఇరాక్ కువైట్ మీద పడగానే ఆయన తట్టాబుట్టా సర్దుకుని విమానం ఎక్కేశాడు. ఆయన కట్టిన ఊరు నా దగ్గర ఉండిపోయింది.

మా గదిలో ఆరుగురం, అందరం కరీంనగర్, నిజామాబాద్ జిల్లాలవాళ్లం. ఒక శుక్రవారం అన్నాలు తిన్నాక ఆ కాపీ తీసి ఆట సంగతి చెప్పాను. జగిత్యాల దిక్కు పెద్ద మేస్త్రి ఒకాయన ఉండేవాడు, గదికి ఆయనే పెద్ద దిక్కు. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఈ గీతలల్ల ఎవరుంటరు?"

"పనోళ్లు."

"మరి ఇండ్లేవి? పనోడు గీతల మీద పంటడా?"

ఆయన పెన్సిల్ లాక్కుని బయటి గోడ పక్కన ఒక ఇటుకబట్టీ పెట్టాడు. ఇంకొకడు క్షవరం చేసే అరుగు పెట్టాడు. నీళ్ల కోసం వరస కట్టే చోటు, లోపలి గోడలోకి పోవడానికి చీటీ చూపించే వాకిలి, చీటీ లేనివాణ్ణి కూచోబెట్టే ఎండ చప్టా, అన్నీ వచ్చిచేరాయి. కాగితం చాలక ఆఫీసులో పారేసే పాత ప్రింట్లు తెచ్చాను. ఒకవైపు ప్లాంటు పైపుల డ్రాయింగు ఉంటుంది, వెనక అంతా తెల్లగా నున్నగా ఉంటుంది. ఆ తెల్లటి వైపున మా ఊళ్లో నెలలోపల అమీరు మేడకన్నా పనివాళ్ల సందులే ఎక్కువగా పెరిగాయి. పేర్లన్నీ తెలుగులో నేనే రాశాను.

ఆట పద్ధతి కూడా మనవాళ్లు మార్చేశారు. టోపీలో చీటీలు వేసి తలా ఒకటి తీయాలి. ఒకడు అమీరు, ఒకడు వర్తకుడు, తక్కినవాళ్లు కూలీలు. కూలీలు ఎలాగైనా లోపలి గోడలోంచి ఒక పీపా నీళ్లు బయటికి తేవాలి. అయితే ఆ కూలీల్లోనే ఒకడి చీటీ మీద "వేగు" అని ఉంటుంది. వాడు అమీరు మనిషి. వాడెవడో వాడికి తప్ప ఎవరికీ తెలియదు. చివర్లో అందరూ కలిసి ఒకణ్ణి వేగు అని వేలు పెట్టి చూపించి ఊరి బయటికి వెళ్లగొట్టాలి, ఆ తర్వాతే చీటీలన్నీ విప్పి చూసుకోవాలి. మేస్త్రి అమీరైన రోజు నవ్వలేక చచ్చేవాళ్లం. మంచం మీద కాలు మీద కాలు వేసుకుని అందరి ఇఖామాలూ, అంటే ఆ దేశంలో ఉండనిచ్చే కార్డులూ, అడిగేవాడు. పొద్దున పని కార్డు కోసం ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడో వాడి గొంతే వచ్చేది ఆయనకు.

ఆ నవ్వులు జనవరి దాకానే. యుద్ధం మొదలయ్యాక సైరన్లు, కిటికీలకు నల్ల ప్లాస్టిక్కు, కువైట్ సరిహద్దులోని ఖఫ్జీ నుంచి బతుకుజీవుడా అని పారిపోయి వచ్చినవాళ్ల కబుర్లు. పాస్‌పోర్టులన్నీ మమ్మల్ని పనికి రప్పించుకున్న కఫీల్ దగ్గరే ఉన్నాయి, ఎవర్నీ ఇంటికి పంపడం లేదు. పక్క బ్లాకులో ఇద్దరికి ఖురూజ్, అంటే దేశం విడిచి పోయే కాగితం, మంజూరైందని తెలిసి మిగతా కూలీలంతా మాకూ కావాలని ఒంటికాలి మీద లేచారు. దాంతో ఆ ఇద్దరిదీ రద్దు చేశారు. ఆఫీసులో డ్రాయింగులన్నీ అప్పగించమని, పాత ప్రింట్లు కాల్చేయమని నోటీసు అంటించారు. ఎవడు ఎవడి గురించి ఎక్కడ ఏం చెబుతున్నాడో అన్న భయం. పక్క గదులవాళ్లతో మాట్లాడడం మానేశాం. క్యాంపు బాసుతో ఎవడైనా నవ్వితే వాడి వీపు వెనక చెవులు కొరుక్కునేవాళ్లం.

మా గదిలో అలా నవ్విన మనిషి ఫిట్టరు. ఆర్మూరు దగ్గరవాడు, నాకన్నా పదేళ్లు పెద్ద, నేను అన్నా అనేవాణ్ణి. మాట తక్కువ మనిషి. ఆ జనవరిలో ఆయన మూడుసార్లు బాసు గదికి వెళ్లడం నేను చూశాను. ఎందుకని అడిగితే "ఏం లేదు తమ్మీ, పని మీద" అన్నాడు. పని మీద వెళ్లే మనిషి అటూ ఇటూ చూసి తలుపు ఎందుకు తట్టాలి? పైగా ఆటలో వరసగా రెండు వారాలు వేగు చీటీ ఆయనకే వచ్చింది. రెండుసార్లూ మేం వేరేవాణ్ణి వెళ్లగొట్టాం. అమాయకపు ముఖం పెట్టుకుని మాతో కలిసి ఆయన కూడా వాడి మీదే వేలు చూపించాడు. ఇంత బాగా దాచగలడా ఈ మనిషి అని నాకు ఆ మధ్యాహ్నం నిద్ర పట్టలేదు.

సరే, పరీక్ష పెడదాం అనుకున్నాను. ఇప్పుడు రాస్తుంటే నా చెయ్యి నేనే కొరుక్కోవాలనిపిస్తోంది గానీ అప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. మా ఊరి పటం ఉన్న ప్రింటు కింది మూల, డ్రాయింగు నంబరు ఉండే చోటు, ఆఫీసు జాడ తెలియకుండా కత్తిరించి పారేశాను. మడిచి ప్లాస్టిక్ కవర్లో పెట్టి గోధుమపిండి డబ్బాలో అడుగున కుక్కాను. ఆ వారం వంట వంతు ఫిట్టరుది కాబట్టి డబ్బా ఆయన మంచం కిందే ఉంది. ఆ సంగతి ఆయన ఒక్కడికే చెప్పాను.

"అన్నా, పటం పిండి డబ్బాల పెట్టిన. ఎవ్వలకు చెప్పకు."

ఆయన ముఖం మాడ్చుకున్నాడు. "గిప్పుడు గవన్నీ ఎందుకు తమ్మీ. తీసి కాలబెట్టు."

"జర నిమ్మళమైనంక కాలబెడత."

"నీ ఇష్టం. మంచిగ లేవు రోజులు" అని వెళ్లిపోయాడు.

కాల్చమన్న ఆ మాట కూడా నాకు ఎత్తులాగే వినిపించింది. తన మీదికి రాకుండా చూసుకుంటున్నాడు అనుకున్నాను.

నాలుగో రోజు పొద్దున డ్యూటీకి బయల్దేరకముందే సర్కారు సెక్యూరిటీవాళ్లు క్యాంపు మీద పడ్డారు. బ్లాకులో మాది మొదటి గది. ఆరుగురినీ బయట గోడవైపు తిప్పి నిలబెట్టారు. తలుపు తెరిచే ఉంది కాబట్టి ఓరగా చూస్తూనే ఉన్నాను. లోపలికి పోయినవాడు పెట్టెలు ముట్టలేదు, పరుపులు ఎత్తలేదు. నేరుగా వంగి ఫిట్టరు మంచం కింది డబ్బా లాగి నేల మీద బోర్లించాడు. నా గుండె దడదడ కొట్టుకుంది. అయితే భయంతో కాదు. దొరికాడు, చూశారా, నేను చెప్పలేదా అన్న సంతోషంతో. ఆ సంతోషాన్ని ఈనాటికీ మరిచిపోలేను, సిగ్గుగా ఉంటుంది.

పటాన్ని విప్పారు. ఒకవైపు పైపులు, పంపులు. రెండోవైపు మూడు గోడలు, వాకిళ్లు, కావలి బురుజులు, వాళ్లకు అర్థం కాని రాత. వాళ్ల ఆఫీసరు ముఖం రంగు మారిపోయింది. అతను అరబీలో అడిగినదాన్ని క్యాంపు బాసు హిందీలో అడిగాడు, ఇది ఎవరిదని. మేస్త్రి నావైపు చూడకుండా ఉండడానికి ఎంత కష్టపడ్డాడో నాకు తెలుసు. ఆఫీసరు నా ఇఖామా తీసుకుని ఉద్యోగం పేరు చదివి, నువ్వు గీసేవాడివి కదా అన్నాడు.

నేను గీసేవాణ్ణే, ఇది మాత్రం పైపుల డ్రాయింగు, ఇలాంటివి సైటులో ఫిట్టర్ల చేతుల్లో ఉంటాయి అని హిందీలో చెప్పాను. అంతటితో ఆగలేదు. డబ్బా ఎవరి మంచం కింద ఉందో మీరే చూశారు కదా అన్నాను. నా గొంతు వణకలేదు. మమ్మల్ని అమ్ముకున్నవాడి మీదకే తిప్పికొడుతున్నాను, ఇందులో తప్పేముంది అనుకున్నాను.

ఫిట్టరు తల తిప్పి నన్ను చూశాడు. కోపంగా కూడా కాదు. బాసు ఆయన్ని అడిగాడు. "ఆట కాయితం సార్, అందరం ఆడుతం" అని మాత్రం అన్నాడు. ఎవరు గీశారో చెప్పలేదు. పిండి అంటిన చేతులతోనే జీపు ఎక్కించారు.

ఆ సాయంత్రం గదిలో నేనే వీరుణ్ణి. పరీక్ష పెట్టిన సంగతంతా చెప్పాను. నా ఒక్కడికే కాదు, అందరికీ అదే నిజమనిపించింది. ఇద్దరు ఆయన మంచాన్ని బయట పారేశారు. మేస్త్రి మాత్రం "వాడు చెప్పిండనే అనుకుందాం. అట్లయితే వాన్నెందుకు పట్టుకపోయిర్రు?" అని ఒక ముక్క అడిగాడు. వేగునైనా పనయ్యాక వదిలించుకుంటారులే అన్నాను. నాకు ప్రతిదానికీ జవాబుండేది.

ఐదు నెలలు జైల్లో ఉంచి ఆయన్ని అటునుంచటే ఇండియా విమానం ఎక్కించారు. మళ్లీ సౌదీలో కాలు పెట్టకుండా ముద్ర కొట్టారు. ఆయన సామాను సర్దమని బాసు నన్నే పిలిచాడు. అప్పుడు చెప్పాడు, ఫిట్టరు ఖురూజ్ ఫిబ్రవరి మొదటి వారానికి మంజూరై ఉండిందట. భార్యకు నెలలు నిండుతున్నాయని, ఎలాగైనా పంపమని మూడుసార్లు వచ్చి బతిమాలాడట. పక్క బ్లాకువాళ్లకు జరిగినట్టు జరగకూడదని ఎవరికీ చెప్పొద్దని బాసే ఒట్టు వేయించుకున్నాడట.

అప్పటికీ నా బుర్ర ఒప్పుకోలేదు. మరి డబ్బా సంగతో? ఆ జవాబు పక్క గదిలోని పాకిస్తానీ వంటవాడి దగ్గర దొరికింది. యుద్ధం అయిపోయి మళ్లీ మాటలు కలిశాక ఒకరోజు ఆయనే తిట్లకు దిగాడు, ఆ పొద్దున సెక్యూరిటీవాళ్లు తన నెలపిండి అంతా నేలపాలు చేశారని. క్యాంపులో ఎవరో దొంగసారా కాస్తున్నారని తెలిసి వెతకడానికి వచ్చారట. సారాకు కావలసిన సరుకు పిండి డబ్బాల్లో దాస్తారని ప్రతి గదిలోనూ ముందు డబ్బాలే బోర్లించారట. ఇరవై గదుల పిండి వసారాలో తెల్లగా పడి ఉందట. గోడవైపు తిరిగి నిలబడ్డ నేను మా గది ఒక్కటే చూశాను. పక్క గదిలో ఒక్క మాట అడిగి ఉంటే ఆ రోజే తెలిసేది. అడగలేదు, ఎందుకంటే వాళ్లనూ నమ్మలేదు.

మరుసటి ఏడు సెలవు మీద వచ్చినప్పుడు ఆర్మూరు పోయాను. ఆయన ఊళ్లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేసుకుని బోరు మోటార్లు బాగుచేస్తున్నాడు. నన్ను చూసి లేచి కుర్చీ తుడిచి వేశాడు. ఇల్లూ వాకిలీ అడిగాడు, మేస్త్రి బాగున్నాడా అన్నాడు. పిల్లలెంతమంది అన్నా అని అడిగాను, ఎలా మొదలుపెట్టాలో తెలియక.

"ఒక బిడ్డ పుట్టింది. మూడు నెలలు బతికింది" అన్నాడు. "నేను జైల్ల ఉన్న. చూడలే."

నేను ఇక ఉండబట్టలేక అంతా చెప్పేశాను. బాసు గది, వేగు చీటీ, డబ్బాలో నేనెందుకు పెట్టానో, ఆయన ఒక్కడికే ఎందుకు చెప్పానో, ఆ పొద్దున ఏమనుకుని ఆయన మీదికి తోశానో, ఏదీ దాచలేదు. మధ్యలో ఒకసారి ఏడ్చాను కూడా. చెబితే నా మనసు తేలికపడుతుందని అనుకున్నాను, అది నా స్వార్థమే. ఆయన చేతిలోని స్పానర్ కింద పెట్టి చివరిదాకా విన్నాడు.

"నేను ఇన్నొద్దులు ఏమనుకున్ననో ఎరుకేనా?" అన్నాడు. "సెక్యూరిటోన్ని చూసి నువ్వు భయపడ్డవ్ అనుకున్న. భయానికి మనిషి ఏమంటడో మనిషికే తెల్వది. చిన్నోడు, పోనీ తియ్ అని జైల్లనే నిన్ను మాఫ్ చేసిన. రోజూ అడిగిర్రు ఎవరు గీసిర్రు అని. నీ పేరు చెప్పలే. బిడ్డ పోయిందని ఉత్తరమొచ్చిన్నాడు గూడ నిన్ను ఒక్క మాట అనలే."

ఆయన గుడ్డ ముక్క తీసి చేతులకంటిన గ్రీజు తుడుచుకున్నాడు.

"నువ్వు భయపడలే. నాకు పరీక్ష పెట్టినవ్. ఒక్క గదిల ఉండి, నా చేతి రొట్టె తినుకుంట." గొంతు ఎక్కడా పెంచలేదు ఆయన. "భయానికైతే మాఫ్ చేసిన తమ్మీ. దీనికి నాతోని గాదు."

లోపల్నుంచి ఆయన భార్య రెండు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. నేనెవరో ఆమెకు తెలియదు, సౌదీ దోస్తు అని చెప్పాడు. నా గ్లాసు తీసి నా చేతికే ఇచ్చి, "చాయ్ తాగి పో" అన్నాడు. తాగాను. గ్లాసు కింద పెట్టి లేచేటప్పటికి ఆయన మళ్లీ మోటారు మీదికి వంగి పని చేసుకుంటున్నాడు.