గోడ అవతలి కలిమేరా

మా ఊళ్లో ఎవరూ ఎవరికీ శుభోదయం చెప్పుకోరు. కారేపల్లి దాటి అడవి మొదలయ్యే చోట ఉంటుంది మా ఊరు. పొద్దున్నే మనిషి ఎదురైతే "ఎటు పోతున్నవ్?" అంటాం. కాస్త పొద్దెక్కితే "తిన్నవా?" అంటాం. దీనికి జవాబు కూడా ఖాయమే. కడుపులో ఎలుకలు పరుగెడుతున్నా "తిన్న" అనాలి. "తినలె" అంటే ఎదుటివాళ్లు కంచం పెట్టాలి కదా, అంత ఇబ్బంది పెట్టకూడదు. ఆ మాట సొంతవాళ్ల దగ్గరే అంటాం.

చర్చిలో మాత్రం "వందనాలు" ఉంది. నచ్చినవాళ్లకూ నచ్చనివాళ్లకూ అదే. కానీ మా అక్క ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ వందనాలు చెప్పుకుంటూ వచ్చి, నా దగ్గరికి రాగానే వంగి చెప్పు సరిచేసుకునేది. ఆరేళ్ల పాటు ప్రతి ఆదివారం ఆ చెప్పు నా ముందే వదులైపోయేది.

కారణం అమ్మ. నేను అప్పట్లో ఖమ్మంలో ఒక దవాఖానాలో ఆయాగా పని చేసేదాన్ని. ముక్కులో గొట్టాలతో, మంచానికి కట్టేసిన చేతులతో పోయిన ముసలివాళ్లను చాలామందిని చూశాను. అమ్మకు అలా కాకూడదనుకున్నాను. అమ్మ జబ్బుతో మంచాన పడ్డప్పుడు, ఖమ్మం దవాఖానాకు తీసుకుపోదామని అక్క ఏడ్చింది. ఇంట్లోనే ఉంచుదామని నేను పట్టుబట్టాను. దవాఖానా సంగతి నాకు తెలుసని అందరూ నా మాటే విన్నారు. మూడో రోజు అమ్మ పోయింది.

శవం దగ్గర, నలుగురిలో, అక్క అన్నది: "నువ్వే సంపినవ్. ఇగ నీతోని ఒక్క మాట మాట్లాడితే అమ్మ మీద ఒట్టు."

క్రైస్తవులు ఒట్టు పెట్టుకోరాదని పాస్టరు గారు నచ్చజెప్పబోతే "మీ బోధ మీది, నా ఒట్టు నాది" అన్నదట. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే రకం. అమ్మ ఇంటిని చెరి సగం పంచుకుని, పెరట్లో ఛాతీ ఎత్తు గోడ కట్టించుకున్నాం. అటువైపు అక్క ఒక్కతే. బావ ఎప్పుడో పోయాడు, పిల్లల్లేరు. ఇటువైపు నేనూ, నా కూతురూ. మా ఆయన లారీ డ్రైవరు, నెలకు నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. అక్క నా కూతురితో బాగానే మాట్లాడేది. దాన్ని ఆమె గడప తొక్కనివ్వనిది నేనే. నాకు మాత్రం కోపం తక్కువా?

కూతురికి నర్సింగ్ చదవాలని ఉంది. ఆ చదువు కోసమే నిరుడు నేను సైప్రస్ పోవడానికి ఒప్పుకున్నాను. అక్కడ ఒక ముసలావిడను చూసుకోవాలి. రెండేళ్లు. ఆ దేశంలో గ్రీకు మాట్లాడతారని చెప్పి, పంపే ఏజెంట్లు ముందుగా పలకరింపులు నేర్చుకోమన్నారు. ఎనిమిదేళ్లు అక్కడ పని చేసి వచ్చిన ఒకావిడ ఖమ్మంలో మేడ మీద గది కిరాయికి తీసుకుని మా ఆరుగురికి నేర్పేది. పొద్దున కలిమేరా, సాయంత్రం కలిస్పేరా, పడుకునే ముందు కలినీఖ్తా. ఎలా ఉన్నారంటే తి కానెతె, బాగున్నానంటే కలా. ఇంట్లో అభ్యాసం చేసుకోవడానికి తన గొంతు రికార్డు చేసి ఫోనుకు పంపేది.

"పొద్దుగాల లేవంగనే ముసలామెకు కలిమేరా చెప్పాలె. చెప్పకుంటె నీకు కోపమొచ్చిందనుకుంటది" అన్నదొక రోజు.

"ఒక్క ఇంట్ల ఉన్నోళ్లకు గూడనా, మేడం?"

"ఇంట్లోళ్లకే ముందుగాల చెప్పాలె."

ఆ మాట నాతోపాటు రైలెక్కి ఇంటిదాకా వచ్చింది. నలభై ఏళ్లు ఒకే ఇంట్లో ఉండి కూడా అమ్మకు నేను పొద్దున్నే లేచి ఒక మంచి మాట చెప్పిన గుర్తు లేదు. చాయ్ పెట్టి ఇచ్చాను, కాళ్లు పిసికాను, విసుక్కున్నాను. మాట మాత్రం చెప్పలేదు. అందుకు నాకు బాధేసింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గానీ, మా నోళ్లు ఊరికే మంచివి, ఇంటికి కాదు.

పొద్దున పెరట్లో గిన్నెలు తోముకుంటూ ఫోను గోడ మీద పెట్టి, టీచరు అన్నట్టల్లా గట్టిగా అనేదాన్ని. ఖ్తా దగ్గర గొంతులో చేపముల్లు అడ్డం పడ్డట్టుండేది. కూతురు పడీ పడీ నవ్వేది. గోడ అవతల అక్క ఊడుస్తున్న చప్పుడు వినిపించేది. నేను మొదలుపెట్టగానే ఆ చప్పుడు నెమ్మదించేది.

మూడు వారాలకనుకుంటా, ఒక పొద్దున ధ్యాస ఎక్కడో ఉండి "కలిస్పేరా" అన్నాను.

"కలిమేరా" అని వినిపించింది గోడ అవతలి నుంచి.

ఫోను కాదు, అక్క. చిన్నప్పుడు నేను ఎక్కాలు తప్పు చదివితే సరిచేసిన గొంతే అది. చెల్లెలు తప్పు చదువుతుంటే ఊరుకోవడం ఆమె వల్ల కాలేదు. చేతిలో గిన్నె కింద పెట్టి "కలిమేరా" అన్నాను నేను కూడా, సరిగ్గా. చీపురు చప్పుడు మళ్లీ మొదలైంది.

సాయంత్రం కూతురు వీధిలో పెద్దమ్మను అడిగి, వార్త మోసుకొచ్చింది. "అమ్మా, పెద్దమ్మ ఒట్టు తెలుగుకేనంట. గ్రీకుకు తగులదంట!"

అప్పటి నుంచి రోజూ పొద్దున కలిమేరా, సాయంత్రం కలిస్పేరా. నేను తి కానెతె అంటే ఆమె కలా అనేది. ఆమె అడిగితే నేనూ కలా అనేదాన్ని. మొదట్లో ఎంత సంతోషమైందో చెప్పలేను. గోడ దగ్గరికి వెళ్లే ముందు జుట్టు దువ్వుకునేదాన్ని కూడా. పోను పోను అదే నన్ను పీక్కుతినసాగింది. అక్క మోకాలు నొప్పితో కుంటుతోంది. కుంటుతూనే కలా అంటుంది. నేను పిల్లను ఎవరికి అప్పజెప్పాలో తెలియక రాత్రుళ్లు నిద్రపోవడం లేదు. నేనూ కలా అంటాను. కడుపు మాడుతూ "తిన్న" అనడమూ ఇదీ ఒకటే.

వీడియో కాల్‌లో ఇంటర్వ్యూ అయింది. అటువైపు ముసలావిడ కూతురు పలకరిస్తే తడుముకోకుండా జవాబు చెప్పాను. పనికి తీసుకున్నారు. ప్రయాణం పది రోజుల్లో అన్నారు. నేను పోయాక పిల్లకు ఊళ్లో పెద్దదిక్కు అక్క ఒక్కతే. ఆ సంగతి అడగాలంటే నాకొచ్చిన గ్రీకు చాలదు. టీచరును అడిగి ఆ వాక్యం కూడా నేర్చుకుందామా అని నిజంగానే ఆలోచించాను. అనుకోగానే నవ్వొచ్చింది. ఆ వెనకే సిగ్గేసింది.

ఒట్టు పెట్టుకున్నది అక్క. నేను కాదు. ఈ ఆరేళ్లలో ఏ రోజైనా నేను నోరు తెరిచి మాట్లాడి ఉండొచ్చు. ఆమె జవాబివ్వకపోతే ఇవ్వకపోయేది. ఆమె ఒట్టు చాటున నేను నా కోపం దాచుకున్నాను. కోపం ఒక్కటే కాదు, భయం కూడా. మాటలు మొదలైతే మొదట వచ్చేది అమ్మ సంగతే. నేను చేసింది ఒప్పో తప్పో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి కోడికూర వండాను. మధ్యాహ్నమైంది. గోడ అవతల అక్క బట్టలు ఆరేస్తోంది. అలవాటు ప్రకారం "తి కానెతె" కోసం ఆగింది. నేను అనలేదు.

"అక్కా, తిన్నవా?" అన్నాను.

చేతిలోని తడి చీర తీగ మీద సగమే పడింది. ఆమె నా వైపు తిరగలేదు. "కలా" అంటుందేమో, లేదంటే లోపలికి వెళ్లిపోతుందేమో అనుకున్నాను. అక్క చీరను పూర్తిగా లాగి, అంచులు సరిచేసి, అప్పుడు అన్నది.

"తినలె."

కంచంలో అన్నం, కూర వేసుకుని, వీధి గేటు గుండా చుట్టూ తిరిగి వెళ్లాను. ఆ వాకిలి తొక్కి ఆరేళ్లయింది. అక్క గుమ్మంలో నిలబడి ఉంది, కళ్లు కొంగుతో ఒత్తుకుంటూ. కంచం అందుకుని దానికేసి చూసింది, తర్వాత నా వెనక చూసింది.

"పిల్లేది? అది తిన్నదా?"

"తినలె అక్కా. మేమిద్దరం తినలె."