జంజంలో తడిపిన గుడ్డ

నాగూర్ బాషాకు అబద్ధమాడటం చేతకాదు. సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర సూట్‌కేసులు బాగుచేసే షాపు ఆయనది. "ఈ చక్రం ఇంకో రెండేండ్లు వస్తది, ఎందుకు మార్పిస్తరు" అని వచ్చిన గిరాకీని వెనక్కి పంపే రకం. అలాంటి మనిషి మూడు రోజులుగా కట్టుకున్న భార్యకు అబద్ధాల మీద అబద్ధాలు చెబుతున్నాడు. అదీ మక్కాలో ఉన్న భార్యకు.

అసలు మక్కా యాత్రకు, ఉమ్రాకు పోవలసింది తల్లీకూతుళ్లిద్దరూ. భార్య సబీహా, ఆమె తల్లి జన్నత్ బీ. ఇద్దరి పెట్టెలకూ నాగూర్ బాషానే కొత్త చక్రాలు బిగించాడు. తీరా బయల్దేరే ముందురోజు జన్నత్ బీకి బీపీ ఎగబాకింది. విమానం ఎక్కడం వద్దే వద్దన్నాడు డాక్టరు. అయితే నేనూ పోనని సబీహా మొండికేసింది. పద్మారావు నగర్ నుంచి అల్వాల్‌లో ఉన్న తమ్ముడింటికి ఒక్కతే పోవాలన్నా పదిసార్లు ఆలోచించే మనిషి, పరాయి దేశం ఎలా పోతుంది?

తల్లి వింటేనా. "నువ్వు పో బిడ్డా. నా పేరు మీద మాత్రం ఉమ్రా చెయ్యకు. అది పోయినోళ్లకు చేసేది. నేను బతికే ఉన్న. వచ్చే ఏడు నా కాళ్ల మీద నేనే పోత," అంది. అని, తను పోయాక ఒంటికి చుట్టడానికి దాచుకున్న కఫన్ గుడ్డ మడతపెట్టి కూతురి పెట్టెలో సర్దింది, మక్కాలోని జంజం బావి నీళ్లలో తడిపి తెమ్మని. ఇప్పుడే దీని తొందరేందమ్మీ అని సబీహా కోప్పడితే, "నాకంటె ముందు అది పోయి జాగ చూసుకొని వస్తదిలే," అని నవ్వింది.

సోమవారం సబీహా విమానం ఎక్కింది. మంగళవారం మొదటి ఉమ్రా చేసింది. బుధవారం పొద్దున జన్నత్ బీ టీ గ్లాసు పట్టుకుని మంచం మీద కూర్చున్నదల్లా పక్కకు ఒరిగిపోయింది. అంతే. సాయంత్రం అసర్ నమాజు కాగానే మట్టి చేసి వచ్చారు.

"అక్కకు చెప్పొద్దు బావా," అన్నాడు సబీహా తమ్ముడు యూసుఫ్. "ఆడ పట్టుకొని ఏడ్వనీకి సుత ఆమెకు ఎవ్వరు లేరు. వచ్చినంక చెప్దాం."

సబీహా రావడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. అందరూ అదే మంచిదన్నారు. నాగూర్ బాషా కూడా తల ఊపాడు. ఊపడానికేం, ఎంతసేపు!

బుధవారం ఫోన్ వస్తే అత్తమ్మ పడుకుందన్నాడు. గురువారం స్నానానికి పోయిందన్నాడు. "కాబా ముందల నిలబడి అమ్మీ బీపీ తగ్గాలని అడిగిన. చూపిచ్చినరా, తగ్గిందా?" అంది సబీహా. తగ్గింది అన్నాడు. ఛీ, ఇదేం బతుకని తనను తానే తిట్టుకున్నాడు.

శుక్రవారం పదకొండు గంటలకు వీడియో కాల్ వచ్చింది. నాగూర్ బాషాకు ఎదురుగా యూసుఫ్ కూర్చుని ఉన్నాడు. సబీహా ఫోన్‌ను హోటల్ గదిలోని కిటికీ వైపు తిప్పింది. అక్కడ తాడు మీద తెల్లగుడ్డ ఆరేసి ఉంది.

"నిన్న తడిపిన. అమ్మీకి జూపియ్యుండ్రి, ఖుషీ అయితది."

"పక్కింటికి పోయింది సబీ."

"బీపీ మనిషిని పక్కింటికి ఎట్ల పంపినరు? మీకు జెర సుత అఖల్ లేదు," అని కసిరింది. కాసేపటికి ఆమె గొంతు దిగిపోయింది. "ఈడ అందరికి ఎవరో ఒకరు తోడున్నరు. నాకే పరేషాన్‌గా ఉంది. నమాజుల అమ్మీ నా పక్కనే ఉన్నదనుకొని నిలబడుతున్న. సరే గని, రేపు మా బ్యాచ్ రెండో ఉమ్రాకు పోతున్నరు. నేను అబ్బా పేరు మీద చేస్త."

ఆమె తండ్రి పోయి పదేళ్లయింది. మంచి పని, చెయ్యి అంటే సరిపోయేది. కానీ నాగూర్ బాషా మనసు జన్నత్ బీ మీదికి పోయింది. మట్టిలో ఉన్న తల్లికి ఈ పిచ్చిది బీపీ తగ్గాలని మొక్కుతోంది. ఆ తల్లి కోసం అక్కడ అడగాల్సింది బీపీ తగ్గాలని కాదు, స్వర్గం దొరకాలని. ఇంటికొచ్చాక చెబితే, అడగడానికి మళ్లీ ఎప్పుడు పోతుంది? యూసుఫ్ వద్దని చేతులూపుతున్నాడు.

"అబ్బాది తర్వాత చెయ్యి సబీ," అన్నాడు నాగూర్ బాషా. "ముందు అమ్మీ పేరు మీద చెయ్యి."

ఫోన్‌లో ఒకసారి గోడ, ఒకసారి గుడ్డ కనిపించాయి. యూసుఫ్ మొహం చేతుల్లో దాచుకున్నాడు.

"ఎప్పుడు?"

"బుధవారం. పొద్దుగాల."

"నిన్న తగ్గిందంటిరి."

ఆయన ఏడుస్తున్నాడని ఆమెకు కనిపిస్తూనే ఉంది.

"గుడ్డ నా దగ్గర్నే ఉండె కదా," అంది సబీహా చివరికి. "మరి ఆమెకు ఏం కప్పినరు?"

"దుకాణంల కొన్నది."

సబీహా లేచి తాడు మీద గుడ్డ తీసి, తల్లి మడతపెట్టినట్టే అంచులు కలిపి మడతపెట్టింది.

"దీన్ని ఎవ్వరికీ ఇయ్య," అంది. "నాకు కప్పనీకి ఉంటది."