ఉషైగర్‌లో ఊరికే పోసిన కాఫీ

మా నాన్నది ప్రొద్దుటూరులో స్టీలు సామాన్ల అంగడి. లోపలికి అడుగుపెట్టిన మనిషికి ముందు స్టూలు, ఆ వెంటనే సోడా. సోడా తాగిన గొంతు బేరం దగ్గర గట్టిగా లేవదని మా నాన్న సిద్ధాంతం. ఆ స్టూళ్ల మధ్య పెరిగినవాణ్ని కాబట్టి, ఎవరైనా నవ్వుతూ "రండి, కూర్చోండి" అంటే నా చెయ్యి దానంతటదే జేబు మీదికి పోతుంది. రియాద్‌లో ఏసీల కంపెనీ ఆఫీసుకు వచ్చి ఏళ్లు గడిచినా ఆ చేతికి బుద్ధి రాలేదు.

మా అత్త, అంటే మా ఆవిడ వాళ్లమ్మ, విజిట్ వీసా మీద వచ్చి మా దగ్గర ఉండి, ఇంకో వారంలో తిరిగి వెళ్లాల్సి ఉంది. వచ్చినప్పటి నుంచి ఆమె అడిగింది ఒక్కటే. మేముండే వీధి పొడుగునా ఎత్తైన గోడలు, మూసిన ఇనప గేట్లు. "ఇన్నాళ్లుండి ఈడోళ్ల ఇల్లు ఒక్కటన్నా లోపల సూడకపోతిని నాయనా. పొయ్యి యాడ పెట్టుకుంటారో, ఆడోళ్లు యాడ కూకుంటారో! మనూర్లో అడిగితే గోడలు సూసొచ్చినా అని చెప్పల్నా?" అనేది. నేను మాల్స్ అన్నీ తిప్పాను. "అంగళ్లు మనకు లేవా!" అని ఒక్క మాటలో కొట్టిపారేసింది.

అందుకే మన తెలుగువాళ్లంతా కలిసి ఆ శనివారం ఉషైగర్, షక్రా అనే రెండు పాత మట్టి ఊళ్లకు బస్సు మాట్లాడుకుందామంటే నేనే ముందు పడ్డాను. బస్సు రియాద్ శివారు సులైలో బయల్దేరింది. వెనక సగం అక్కడి గోదాముల్లో పనిచేసే జగిత్యాల, నిజామాబాద్ వాళ్లు, ముందు సగం మాలాంటి కుటుంబాలు. డ్రైవరు హైదరాబాదు పాతబస్తీ మనిషి. బస్సు బాడుగ బేరం కుదిర్చింది నేను కాబట్టి నన్ను "సేఠ్" అని పిలవడం మొదలుపెట్టాడు. అది పొగడ్త కాదని నాకు తెలుసు.

రియాద్ దాటి, కొండ అంచు మీంచి రోడ్డు ఒక్కసారిగా కిందికి దిగేసరికి మా అత్త చేసుకొచ్చిన ఓళిగలు, అంటే బొబ్బట్లు, బస్సు చివరిదాకా పోయాయి. నిజామాబాద్ వాళ్లల్లో ఒకాయన వేళ్లు నాక్కుంటూ, "గిది మా దిక్కు బచ్చాలే అమ్మా, పేరొక్కటే వేరె" అన్నాడు. ఆ తర్వాత ఆమె బస్సు మొత్తానికీ అమ్మ అయిపోయింది.

ఉషైగర్‌లో డ్రైవరు బస్సు దగ్గరే ఉండిపోయాడు. మేము ఊళ్లోకి నడిచాం. మట్టి గోడల మధ్య ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సందులు, పైన ఖర్జూరపు దూలాలు, వాటి కింద చల్లటి నీడ. ఒక మలుపు దగ్గర రంగులు వేసిన చెక్క తలుపు సగం తెరిచి ఉంది. తెల్లటి పొడుగు చొక్కాలో ఒక పెద్దాయన గడపలో నిలబడి "తఫద్దల్, తఫద్దల్" అని లోపలికి చెయ్యి చూపించాడు. దయచేయండి అని. ఆయన వెనక తివాచీలు, దిండ్లు, గూళ్లల్లో వరసగా తోమిపెట్టిన ఇత్తడి కాఫీ కూజాలు.

చూడగానే నాకు అర్థమైపోయింది. అచ్చం మా అంగడే!

"కూర్చోవద్దు అత్తా. కాఫీ తాగితే తివాచీ కొనకుండా లేవనియ్యరు" అన్నాను.

"ఆయప్ప మంచోడి మాదిరే ఉండాడే?"

"మా నాయన మాత్రం చెడ్డోడా? నడవండి."

ఇంకో తలుపు దగ్గర ఇంకొకాయన పిలిచాడు. నేను గడియారం చూసుకుంటూ, పెద్ద పనేదో మించిపోతున్నట్టు ముఖం పెట్టి అందర్నీ తోలుకుపోయాను. మా అత్త మాత్రం ప్రతి తలుపు దగ్గరా ఒక అడుగు వెనకబడి, మెడ సాచి లోపలికి చూసి, మళ్లీ నడిచింది.

బస్సెక్కాక నా గొప్ప నేనే చెప్పుకున్నాను. "ఒక్కరిని గూడా ఏ అంగట్లోకీ చిక్కనియ్యకుండా తెచ్చినా!"

డ్రైవరు అద్దంలోంచి నన్ను చూశాడు. "ఏం దుకాణం సేఠ్? గవి దుకాణాలు కావు, వాళ్ల ఇండ్లు. తాతలనాటి ఇండ్లు బాగు చేయించుకున్నరు. ఛుట్టీ దినం ఖాందాన్ అంతా వచ్చి కూసుంటరు. దారిన పోయెటోళ్లను పిలిచి గహ్వా కాఫీ పోస్తరు, ఖజూర్ పెడ్తరు. పైసల్ తియ్యబోతే గుస్సా అయితరు."

"ఆడోళ్లు గూడా ఉంటారా నాయనా?" అని అడిగింది మా అత్త.

"ఉంటరమ్మా. జనానా దిక్కు తలుపు వేరె ఉంటది. మీరు పోతే చెయ్యి పట్టుకొని తోల్కపోతుండె."

ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది. మా ఆవిడ నా చెవి దగ్గరికి వచ్చి, "నోటికాడి ముద్ద తీసి పారేస్తివి కదయ్యా" అంది.

షక్రా పెద్ద ఊరు. కోట బురుజులు, పాత బజారు, బాగుచేసిన పెద్ద మేడలు. కానీ ఇళ్ల తలుపులకు తాళాలు. ప్రతి తలుపు ముందూ నేను నడక తగ్గించాను, దగ్గాను, అవసరం లేకపోయినా నవ్వాను. ఒక ఇంట్లోంచి ఎవరో బయటికొస్తే ఆయనకంటే ముందు నేనే సలాం పెట్టాను. ఆయన ఎంతో మర్యాదగా నవ్వి, తాళం వేసి, కారెక్కి వెళ్లిపోయాడు. గిరాకీ లేని మధ్యాహ్నం గల్లాపెట్టె దగ్గర మా నాన్న ముఖం ఎట్లా ఉండేదో, అప్పుడు నా ముఖం అట్లా ఉండి ఉండాలి. మా అత్త ఒక అరుగు మీద కూర్చుని, "పోనీలే నాయనా. గోడలు బాగుండాయి" అంది. తిట్టినా బాగుండేది.

తర్వాత పోవాల్సింది ఇసుక దిబ్బల దగ్గరికి. వెనక సీట్లవాళ్లు పొద్దుటి నుంచి ఆ మాటే చెప్పుకుంటున్నారు. నేను లేచి నిలబడి, మళ్లీ ఉషైగర్‌కు పోదామని చెప్పడానికి అలవాటు కొద్దీ ఎక్కడో మొదలుపెట్టాను. దిబ్బల దగ్గర గాలి ఎక్కువుంటుందనీ, ఉషైగర్‌లో సాయంత్రం వెలుగులో ఫొటోలు బంగారంలా వస్తాయనీ. ఎవరూ కదల్లేదు. చివరికి గొంతు తగ్గించి ఉన్నమాట చెప్పాను. "మా అత్త ఒక ఇల్లు చూడాలి. పొద్దున నేనే చెడగొట్టినా."

జగిత్యాల మనిషి ఒకాయన పెద్దగా నవ్వాడు. "గా ముచ్చట ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గద సార్! ఇసుక మాకు కొత్తనా? దినాం గదే ఊడుస్తున్నం. తిప్పు అన్నా బండి."

మేము చేరేసరికి ఎండ గోడల పైఅంచుకు పోయింది. పొద్దున పిలిచిన తలుపులు ఒక్కొక్కటే మూసుకున్నాయి. మొదటి ఇంటి పెద్దాయన గడపలోనే ఉన్నాడు, కాకపోతే ఒక చేతిలో కాఫీ కూజా, రెండో చెయ్యి తలుపు గొళ్లెం మీద. నేను పరుగెత్తి ఆయన ముందు నిలబడ్డాను. నిలబడ్డాక తెలిసింది, నాకు వచ్చిన అరబ్బీ అంతా "ఎంత?", "చాలా ఎక్కువ", "చివరి మాట చెప్పు". ఆ మాటలతో ఒకరి ఇంట్లోకి రానిమ్మని ఎట్లా అడగాలి?

ఈసారి మాతో దిగిన డ్రైవరు ఇంకా వెనకాల రొప్పుతూ వస్తున్నాడు. మా అత్త నన్ను పక్కకు జరిపి, చీర కొంగు భుజం మీదుగా కప్పుకుని, "లోపల ఆడోళ్లుండారా నాయనా?" అని శుభ్రమైన తెలుగులో అడిగింది. ఆయన ఆమెను చూశాడు. గొళ్లెం వదిలేసి లోపలికి ఏదో కేకేశాడు. పక్క సందులో ఒక చిన్న తలుపు తెరుచుకుంది. నల్లటి బుర్ఖాలోంచి ఒక ముసలి చెయ్యి వచ్చి మా అత్త మణికట్టు పట్టుకుంది. వెనకే మా ఆవిడ పోయింది. తలుపు మూసుకుంది.

మగవాళ్లం ముందు గదిలో కూర్చున్నాం. పెద్దాయన మళ్లీ నిప్పు రాజేసి, యాలకుల వాసన వేసే లేత కాఫీ చిన్న చిన్న కప్పుల్లో పోశాడు. నా కళ్లు తివాచీ మూలన రేటు చీటీ వెతికాయి. వద్దన్నా వినవు. గోడ అవతల నుంచి మా అత్త గొంతు పెద్దగా తెలుగులో వినిపించింది. దానికి జవాబు అరబ్బీలో వచ్చింది. ఒకరి మాట పూర్తయ్యేదాకా ఇంకొకరు ఆగడం లేదు. మధ్యలో నవ్వులు.

"ఇల్లు ఒకసారి లోపల చూడొచ్చా, అడుగు" అన్నాను డ్రైవర్‌తో.

"గా దిక్కు మనకు నై సేఠ్. గహ్వా తాగు."

ఆమె బయటికి వచ్చేసరికి చీర నిండా సాంబ్రాణి లాంటి పొగ వాసన. బస్సు కదలగానే, "ఏముందత్తా లోపల?" అని అడిగాను.

"పొయ్యి నేలమీదనే ఉంది నాయనా, మనింట్లో మాదిరి. గోడంతా మసి. అది పాతది, గుర్తుకోసం పెట్టుకున్యారు. వండేది గ్యాసు మీదనే. మేడమీదికి మెట్లుండాయి, ఆయమ్మ ఎక్కలేదు. మోకాళ్ల నొప్పులంట."

"అరబ్బీలో చెప్తే నీకెట్ల తెలిసె?" అంది మా ఆవిడ, తనూ అక్కడే ఉన్నా.

"మోకాలు పట్టుకుని అబ్బా అంటే ఏ భాషైతే ఏంది? నేను నాది సూపిస్తి. ఇద్దరం నవ్వుకుంటిమి."

వెనక సీట్లవాళ్లు ఒక్కొక్కరే లేచి ముందుకు వచ్చి, నడిమి దారిలో సీట్లు పట్టుకుని నిలబడ్డారు. డ్రైవరు మోగుతున్న పాట ఆపేశాడు. ఎక్కడో వెనక నిద్రపోయి ఆలస్యంగా లేచినాయన, "నేను ఇనలే అమ్మా, గడప కాడికెల్లి చెప్పు" అన్నాడు.

మా అత్త కాళ్లు సీటు మీదికి ముడుచుకుని, గడప దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టింది.