బట్టలుతికిన తామర

తొంభైల నాటి మాట. సంగారెడ్డి దగ్గర మా ఊళ్లో నవాబుల కాలం నాటి మంటపాన్ని, దాని చుట్టూ ఉన్న తోటను సర్కారు బాగుచేయించింది. మా పక్కింటి అంజమ్మ మామ ఒకప్పుడు అక్కడ తోటమాలి. అందుకని ఏ చెట్టు ఎక్కడుండేదో ఇంజనీరు ఆమెనే అడిగేవాడు. కుర్చీ వేయించి చాయ్ ఇప్పించేవాడు. ఊళ్లో పెద్ద సేద్యం మాది. మమ్మల్ని మాత్రం ఎవరూ పలకరించలేదు.

ఒకరోజు ఉండబట్టలేక నేనూ వెళ్లాను.

"సారూ, మా ఇంట్ల బట్టలుతికే బండ గూడ గీ తోటదే. మా మామ బండి కట్టి తెచ్చిండు. మీద తామర రేకులు చెక్కి ఉంటయ్, మురికి జల్దీ పోతది" అన్నాను, అంజమ్మకు వినబడేలా.

ఇంజనీరు చాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఫౌంటెన్‌లో ఒక రాయి తక్కువైందని ఆర్నెల్లుగా వెతుకుతున్నామమ్మా. పదండి, చూద్దాం."

ఊరంతా చూస్తుండగా కూలీలు గడ్డపారలతో మా బండను పెకిలించారు. అప్పుడే పటాన్‌చెరు ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన నా వైపు చూసి, "గాళ్లకు నువ్వే చెప్పినవా?" అన్నాడు. నేను నానబెట్టిన బట్టల బకెట్టును పక్కకు జరిపాను.

ఇప్పుడు ఫౌంటెన్ చుట్టూ రాళ్లన్నీ ఉన్నాయి. మాది ఒక్కటే అరిగి నున్నగా ఉంటుంది. చూడవచ్చిన వాళ్లు అడిగితే అంజమ్మ కుర్చీలోంచి లేవకుండానే చెబుతుంది.

"గది మా పక్కింటి పటేలమ్మ బట్టలుతికి అరగదీసింది."

ఆ తోటలో మా పేరు కూడా వినబడాలని నేనే కదా కోరుకున్నాను.