ఒకవేళ ఇంద్రసేన

ఇంద్రసేనకు ఒకటే జబ్బు. దాని పేరు 'ఒకవేళ'. పొద్దున పళ్ళు తోముకునేటప్పుడు మొదలైతే రాత్రి గుర్రు పెట్టేదాకా ఆ మాట ఆయన నోట్లో వక్కపలుకులా నానుతూనే ఉంటుంది. ఆకాశంలో మచ్చుకు ఒక్క మబ్బు లేకపోయినా చంకలో గొడుగు. గొడుగున్నా సంచిలో రైన్‌కోటు. ఆ కోటు ఆయన తొడుక్కోగా చూసినవాళ్ళు అబిడ్స్ మొత్తంలో ఒక్కరూ లేరు.

"గొడుగు ఉన్నది గద, మల్ల గా కోటెందుకు?" అని భార్య విమల ఎన్నిసార్లు అడిగినా జవాబు ఒక్కటే.

"ఒకవేళ గాలికి గొడుగెగిరిపోతే?"

ప్యాంటుకు బెల్టు. బెల్టు తెగితే ఉంటుందని లోపల నాడా. ఇలాంటి మనిషికి ఏ వ్యాపారం అప్పజెప్పాలో దేవుడికి బాగా తెలుసు. పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ఆయనది తాళాల దుకాణం. అక్కడికి తాళం కోసం వెళ్ళినవాడు ఊరికే తాళం కొనుక్కుని వచ్చేస్తాననుకుంటే అది వాడి అమాయకత్వం.

"దీనికి రెండు చాబీలొస్తయ్. మూడోది గూడ చేయించుకోండ్రి."

"రెండు చాలు సేటూ."

"ఒకటి మీ తాన, ఒకటి మీ ఇంటామె తాన. ఒకవేళ ఇద్దరు కలిసి సినిమాకు వోయి, రెండూ గాడ్నే పారేసుకుంటే?"

వచ్చినవాడు నవ్వుతాడు. నవ్వుతూనే మూడోది చేయించుకుంటాడు. ఆ మూడోదానికి ఇంద్రసేన పైసా తీసుకోడు. ఇదేం వ్యాపారమో విమలకు ఈనాటికీ అర్థం కాలేదు.

ఈ జాగ్రత్త ఒకసారి ఆయన్నే బోల్తా కొట్టించింది. దుకాణం తాళంచెవులు తన దగ్గరుంటే ఎవడైనా జేబు కొట్టేస్తాడని భయపడి, ఒకటి విమలకు, ఒకటి ఎదుటి చెప్పుల దుకాణం అంజన్‌కు, మూడోది అన్న కూతురు మనస్వినికి ఇచ్చాడు. తన దగ్గర ఒక్కటీ ఉంచుకోలేదు. ఒకరోజు విమల పుట్టింటికి పోయింది. అదే రోజు అంజన్ ఏదో పెళ్ళికని కరీంనగర్ పోయాడు. అబిడ్స్‌లో తాళాలమ్మే పెద్దమనిషి తన దుకాణం తనే తెరుచుకోలేక, అంజన్ దుకాణం మెట్టు మీద గొడుగేసుకుని మధ్యాహ్నం దాకా కూర్చున్నాడు. మనస్విని కాలేజీలో పరీక్ష రాసి, ఆటోలో పరుగున వచ్చి షట్టర్ తీసింది.

"నాలుగోది చేయిస్త," అన్నాడు ఇంద్రసేన, సిగ్గేమీ పడకుండా.

"చేయించి నీ తాన పెట్టుకో చిన్నాయనా!"

"నా తాననా? ఒకవేళ పోతే?"

తండ్రి పోయిన నాటి నుంచి మనస్విని ఈ చిన్నాయన ఒకవేళల మధ్యే పెరిగింది. ఆయనంటే ప్రాణం. ఆ మాటంటే మాత్రం ఒళ్ళు మంట. ఇప్పుడామె ఫిజియోథెరపీ చదువు పూర్తి చేసింది. మోకాళ్ళ ఆపరేషన్ అయిన పెద్దవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళను మళ్ళీ నడిపించే ఉద్యోగం దొరికింది. సోమవారానికల్లా చేతిలో కారుండాలన్నదే షరతు. కొనే స్తోమత లేదు. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక లీజు కంపెనీ నెలనెలా కట్టే పద్ధతిలో చిన్న తెల్ల కారు ఇస్తానంది. కాకపోతే జీతం ఇంకా మొదలవలేదు కాబట్టి ఎవరైనా ఆమె తరఫున హామీగా జమానతు సంతకం పెట్టాలి. చిన్నాయన తప్ప ఇంకెవరున్నారు?

"జర తక్కువ మాట్లాడు చిన్నాయనా. ఇయ్యాల సంతకాలు కాకపోతే బండి ఇంకోలకిస్తరంట. నౌకరి పోతది," అని దారి పొడుగునా బతిమాలింది.

"నేనేం మాట్లాడుతనే? నోరిప్పితే ఒట్టు."

ఆ ఒట్టు లిఫ్టు దాకా కూడా నిలవలేదు. "ఒకవేళ నడుమల కరెంటు పోతే?" అని ఆమె చేత మెట్లెక్కించాడు.

పైన ఆఫీసులో రవికిరణ్ అనే ఉద్యోగి ఉన్నాడు. గోదావరి వైపు మనిషి. మెడలో టై, మొహం నిండా ఓపిక. "ఇన్సూరెన్సు మాత్రం ఫుల్‌గా ఉండాలండి," అని మొదలుపెట్టాడు. "సొంత బండైతే ఎదుటివాళ్ళ నష్టానికి ఒక్కటే తీసుకున్నా రోడ్డెక్కచ్చు. ఇది కంపెనీ పేరు మీదుండే బండి కదండీ, బండికి జరిగే నష్టానికి కూడా పాలసీ ఉండి తీరాలి. అది నెల కిస్తీలోనే కలిపేశామండి."

"మంచిదే. ఒకవేళ బేగం బజార్ల ఆవొచ్చి కొమ్ముతోని బంపర్ గోకితే?"

మనస్విని కళ్ళు మూసుకుంది.

"బాగు చేయిస్తారండి. కాకపోతే ప్రతిసారీ మొదట కొంత మనమే పెట్టుకోవాలి. ప్లాస్టిక్ ముక్కలకైతే సగమే వస్తుంది. ఆ సగం మన మీద పడకూడదంటే జీరో డిప్రిసియేషన్ అని ఉందండి, కిస్తీ కొంచెం పెరుగుతుంది."

"రాయి. ఒకవేళ వాననీళ్ళు ఇంజన్ల వోతే?"

"దానికి ఇంజన్ కవరు వేరేనండి."

"రాయి. ఒకవేళ బండినే ఎవడన్నా ఎత్తుకపోతే?"

"ఆనాటి ధరే ఇస్తారండి. లీజు బాకీ అంతకన్నా ఎక్కువుంటే ఆ తేడా మేడం గారి మీదే. దానికి ఇంకో కవరు..."

"రాయి. ఈ బండికి చాబీలెన్ని?"

"రెండండి."

ఇంద్రసేన మొహం పున్నమి చందమామలా వెలిగిపోయింది. మనస్విని తల పట్టుకుంది. కిస్తీ చూస్తే మెట్టు మెట్టు పైకెక్కుతోంది. పక్కన సోఫాలో ఒక జంట, అదే తెల్ల కారు ఫోటో ఫోన్లో చూసుకుంటూ, వీళ్ళెప్పుడు లేస్తారా అని కాచుక్కూర్చుంది. రవికిరణ్ టై వదులు చేసుకుని గడియారం చూశాడు.

"చిన్నాయనా, నా జీతం మొత్తం దీనికే వోతది! నాకు బండి వద్దు, నౌకరీ వద్దు, పోదాం పా!" అంది మనస్విని. లేచి నిలబడింది.

ఇంద్రసేన ఆమె వైపు చూసి తగ్గాడు. "అరె, ఫికర్ చెయ్యకు. గా జీరో గీరో తీసెయ్ బాబూ. ఆవు గోకితే గోకనియ్. దొంగలది గూడ తీసెయ్, తాళాల సంగతి నేను చూసుకుంట. ఇంజన్‌ది మాత్రం ఉంచు, పిల్ల వానల నడిరోడ్డు మీద ఆగిపోవద్దు. ఇగ ఆఖరుది చెప్పు. ఒకవేళ నడిపేటి పిల్లకు దెబ్బ తగిల్తే?"

"ఓనరు నడిపితే ప్రమాద బీమా ఉంటుంది కదండీ..." అంటూనే రవికిరణ్ ఆగిపోయాడు. ఓనరు కంపెనీ. నడిపేది మనస్విని. "అది మేడం గారికి వర్తించదండి. ఆవిడ పేరు మీద విడిగా తీసుకోవాలి. నిజం చెప్పాలంటే, నన్నింతవరకు ఎవరూ అడగలేదండి."

"బంపర్‌కు ఇన్ని తీర్ల పెట్టిన్రు, పిల్లకు ఒక్కటి పెట్టలేదా?" ఇంద్రసేన గొంతు లేచింది. "ముందు గది రాయి!"

మనస్వినికి కోపం ఎటు పోయిందో తెలియలేదు. మిగతావన్నీ తీసేసి, ఇంజన్‌దీ ఇదీ మాత్రం కలిపితే కిస్తీ మళ్ళీ ఆమె భరించగలిగే చోటికే దిగింది.

ఇక మిగిలింది జమానతు కాగితం. రవికిరణ్ మంచినీళ్ళు తాగాడు, కుర్చీ సర్దుకున్నాడు, అన్నింటికీ సిద్ధపడి కాగితం ముందుకు జరిపాడు. ఇంద్రసేన కళ్ళజోడు కూడా పెట్టుకోకుండా సంతకం చేసేశాడు.

రవికిరణ్‌కు మతిపోయింది. "సార్, చెప్పడం నా డ్యూటీ. ఒకవేళ మేడం గారు కట్టలేకపోతే మొత్తం మీరే కట్టాలండి."

"ఔ."

"ఏమీ అడగరాండీ?"

"ఏమడగాలె? మా పిల్లకు ఒకవేళ ఏంది?"

మనస్విని అటు తిరిగి చున్నీతో కళ్ళొత్తుకుంది. ఆయన తొడుక్కోగా ఎవ్వరూ చూడని ఆ రైన్‌కోటు గుర్తొచ్చింది. స్కూలు గేటు దగ్గర, వాన పడ్డ ప్రతిసారీ, దాన్ని తొడుక్కున్నది తనే. అసలు అది చిన్నాయనకు పట్టదు.

ఆదివారం బండి చేతికొచ్చింది. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు, వాటి మీద జనం. మనస్విని మెల్లగా నడుపుతోంది. పక్కన ఇంద్రసేన సీటుబెల్టు పెట్టుకుని, అది చాలదన్నట్టు పైనున్న పిడిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాడు.

"చిన్నాయనా, నేనొకటి అడుగుత. ఒకవేళ నేను నిజంగనే కట్టలేకపోతే?"

తనను ఎవరైనా ఇలా అడగడం ఇంద్రసేనకు ఇదే మొదలు. పిడి వదలకుండానే ఆమె వైపు తిరిగాడు.

"ఏమున్నది? దుకాణం మూడో చాబీ నీ తాననే ఉన్నది గద. షట్టర్ తీసి నా కుర్చీల కూసో, దుకాణం నువ్వు చూసుకో. నేను ఎదురుంగ అంజన్ మెట్టు మీద కూసుంట. నాకలవాటే."

"గొడుగేసుకొనా?"

"ఔ మల్ల. ఒకవేళ ఎండ కొడితే?"