కొత్త అమావాస్య నాటి బూడిదరంగు గడి

శుక్రవారం మధ్యాహ్నం నాలుగు దాటి పది నిమిషాలకు రామసుబ్బయ్య శెట్టి ఆర్డరు చీటీ మీద సంతకం పెట్టాడు. పెట్టే ముందు కలాన్ని రెండుసార్లు కాగితం దాకా తెచ్చి వెనక్కి తీసుకున్నాడు. మార్కెట్ మూసేది అయిదింటికి. ఆయన నూనె మిల్లు నుంచి మా ఆఫీసుకు స్కూటరు మీద పది నిమిషాల దారి. మధ్యలో రైల్వే గేటు. అది కొత్త అమావాస్య. తెల్లవారితే ఉగాది.

నేను కదిరికి వచ్చింది 2004 ఆఖర్లో, ఖాతాదారుల తరఫున ఎక్స్ఛేంజిలో సరుకుల ముందస్తు బేరాలు వేసే ఒక కమోడిటీ బ్రోకింగ్ సంస్థ శాఖకు మేనేజరుగా. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు అనంతపురంలో ఒక దినపత్రిక వాణిజ్యం పేజీ చూశాను. ఆ పేజీకి ధరల కంటే సెలవులే ఎక్కువ కష్టం. మార్కెట్ లేని రోజున ధరలు వేసే రెండు కాలమ్‌లూ దేనితో నింపాలన్నది ముందే చూసుకోవాలి. అందువల్ల ఏ సెలవు ఎప్పుడో, ఏ ప్రభుత్వ నివేదిక ఏ గంటకు వస్తుందో గోడ మీద కాగితాలు అంటించుకోవడం అలవాటైంది. బ్రోకింగ్ సంస్థ నన్ను తీసుకున్నది కూడా ఆ అలవాటును చూసే.

కదిరిలో కాగితాల అవసరం పోయింది. ముంబయి ప్రధాన కార్యాలయం నుంచి ఒక సీడీలో క్యాలెండర్ ప్రోగ్రాం వచ్చింది. అందులో రోజుకొక గడి. తెల్లగడి అంటే మార్కెట్ ఉంది, బూడిదరంగు గడి అంటే సెలవు. నివేదిక వచ్చే రోజున గడిలో ఎర్రచుక్క పడుతుంది. అమెరికా పంటల అంచనా, మన రిజర్వు బ్యాంకు ప్రకటన, నూనెల దిగుమతి వివరాలు, అన్నీ మన గంటల్లోకి మార్చి చూపేది. ముఖ్యమైన పని ఇంకొకటి చేసేది. ప్రమాదమున్న నివేదికకు ముందు మార్కెట్ నడిచే ఆఖరి రోజున, ఎవరి కాంట్రాక్టులు తేలకుండా తెరిచి ఉన్నాయో పేర్లతో ఉదయాన్నే చీటీ అచ్చువేసేది. ఆ చీటీ చూసి మేము ఫోన్లు చేసేవాళ్ళం.

అయితే ముంబయికి తెలియని సెలవు ఒకటి కదిరిలో ఉంది. అమావాస్య నాడు ఇక్కడి యార్డులో కాటా లేవదు. వేరుశనగ వ్యాపారులెవరూ ఆ రోజు బేరం, వాళ్ళ మాటలో సౌదా, ముట్టరు. మొదటి రెండు నెలలు అమావాస్య పూట ఫోన్ చేసి తిట్లు తిన్నాను. తర్వాత పంచాంగం ముందు పెట్టుకుని, ఏడాదిలోని అమావాస్యలన్నిటికీ నేనే బూడిదరంగు వేశాను. నాకది తెలివైన పనిగా తోచింది. పై ఆఫీసుకు చెప్పలేదు.

ఇక శెట్టి సంగతి. చలికాలంలో ఆయన దగ్గర నూనె నిల్వలున్నప్పుడు, ధర పడిపోతుందేమోనని సోయా నూనె కాంట్రాక్టులు ముందుగా అమ్మిపెట్టాడు. వేరుశనగ నూనెకు ఎక్స్ఛేంజిలో కొనేవాళ్ళు తక్కువ, రెండు నూనెలూ ఇంచుమించు కలిసి నడుస్తాయి. అది సరైన పనే. ఫిబ్రవరిలో నూనె అమ్ముడుపోయింది, ట్యాంకులు ఖాళీ అయ్యాయి. కాంట్రాక్టులు మాత్రం అలాగే ఉంచాడు. ఇప్పుడు ధర పెరిగితే ఆ నష్టానికి అడ్డం వేయడానికి ఆయన దగ్గర చుక్క నూనె లేదు. పైగా చేతిలో ఉన్న డబ్బు తనకల్లు వైపు పల్లెలకు జూన్‌లో ఇస్తానన్న విత్తనకాయల కోసం. అంతకు ముందు ఏడాది పంట ఎండిపోయి ఆ పల్లెల్లో విత్తనం మిగల్లేదు. శెట్టి ఇవ్వకపోతే వాన పడినా విత్తేదానికి ఏమీ ఉండదు.

ఆ శుక్రవారం సాయంత్రం ఆరింటికి అమెరికా పంటల అంచనా వస్తుంది. మర్నాడు ఉగాదికి ఎక్స్ఛేంజి సెలవు, ఆ పైన ఆదివారం. నివేదిక ఏం చెప్పినా సోమవారం దాకా ఎవరూ చేయి కదపలేరు.

గురువారం నేను నెలవారీ సమావేశానికి అనంతపురం వెళ్ళాను. ఉదయం చీటీ వచ్చింది, శెట్టి పేరుంది. మా ఆపరేటర్ నస్రీన్ మిల్లుకు ఫోన్ చేసింది. శెట్టి తనకల్లు పోయాడన్నారు. ఆమె గుమాస్తాతో కబురు చెప్పి పెట్టింది. శుక్రవారం నేను వచ్చేసరికి బల్ల మీద చీటీ లేదు. పని అయిపోయిందనుకున్నాను.

మూడున్నరకు నస్రీన్ కుర్చీ తిప్పి అడిగింది. "సార్, క్యాలెండర్లో ఈపొద్దు సెలవని ఉండాది. రేట్లేమో తిరుగుతానే ఉండాయి. ఏది నిజం?"

తెర వంక చూశాను. సోయా నూనె ధర కదులుతూ ఉంది. గడి మాత్రం నేను వేసిన రంగులోనే ఉంది. మార్కెట్ లేదనుకున్న ప్రోగ్రాం హెచ్చరిక ఒకరోజు ముందే ఇచ్చేసి ఊరుకుంది. చీటీ రాకపోవడానికి కారణం శెట్టి కాదు, నేను. ఆయన కాంట్రాక్టులన్నీ తెరిచే ఉన్నాయి.

ఖాతాదారు మాట లేకుండా ఆర్డరు వేయకూడదన్నది మా మొదటి నియమం. ఫోన్ చేస్తే శెట్టి అమావాస్య అని పెట్టేస్తాడు. ఆర్డరు చీటీ పట్టుకుని స్కూటరు తీశాను.

మిల్లు గుమ్మానికి బూడిద గుమ్మడికాయ కడుతున్నారు. శెట్టి స్టూలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు. "ఏం సారూ, కొత్తమావాస్య పూట ఈడికొచ్చినారు? గుమ్మడికాయ కొట్టేదానికా?"

విషయం చెప్పాను. ఆయన నవ్వు పోయింది గానీ తల అడ్డంగానే ఊపాడు. "నిన్న కబురు అందింది, నిజమే. సోమవారం చూద్దామనుకున్నా. మా నాయన కాలం నుంచీ అమావాస్య నాడు సౌదా ముట్టింది లేదు సారూ. దుడ్లు పోతే పోనీ."

"పోయేది నీ దుడ్లయితే నేను రాను శెట్టీ," అన్నాను. "విత్తనకాయల దుడ్లు."

స్టూలు మీద నిలబడి గుమ్మడికాయకు తాడు ముడేస్తున్న ఓబులేసు, శెట్టి తండ్రి నాటి గుమాస్తా, కిందికి చూడకుండానే అందుకున్నాడు. "కొంపంటుకుంటే ఆర్పేదానికి ముహూర్తం చూస్తామా సామీ? పట్టేది సౌదా. వదిలేది సౌదా యాడయితాది?"

"తప్పయితే ఆ పాపం నీదే ఓబులేసూ."

"ఇన్నేండ్లూ మీ పాపాలు రాసింది నేనే గదా. ఇదొకటి రాసుకుంటాలే. ముందు సంతకం పెట్టండి, స్టూలు ఊగుతాంది."

శెట్టి ఒక చేత్తో స్టూలు పట్టుకునే, రెండో చేత్తో సంతకం పెట్టాడు.

రైల్వే గేటు పడి ఉంది. ధర్మవరం వైపు పోయే గూడ్సు దాటేదాకా ఇంజను ఆపకుండా నిలబడ్డాను. నాలుగు నలభైకి నస్రీన్ ఆర్డర్లు వేయడం మొదలుపెట్టింది. అమ్మినదాన్ని తిరిగి కొని సున్నా చేయడాన్ని మా భాషలో స్క్వేరాఫ్ అంటారు. అయిదుకు ఆరు నిమిషాలుండగా ఆఖరి కాంట్రాక్టు కూడా సున్నా అయింది. కొద్దిపాటి నష్టమే. నస్రీన్ మంచినీళ్ళు తెచ్చిచ్చింది, రెండు గ్లాసులు తాగాను.

నివేదికలో అంచనా తగ్గింది. సోమవారం ఉదయం సోయా నూనె తెరుచుకోవడమే ఆ రోజుకు ఎక్స్ఛేంజి అనుమతించిన గరిష్ఠ ధర దగ్గర తెరుచుకుంది. కొనేవాళ్ళే తప్ప అమ్మేవాళ్ళు లేరు. ముందుగా అమ్మి చిక్కుకున్నవాళ్ళకు బుధవారం దాకా బయటపడే దారి దొరకలేదు. వాళ్ళలో మా ఖాతాదారు ఒక్కరూ లేరు. శెట్టి ఫోన్ చేసి ధర అడిగాడు, చెప్పాను. తర్వాత "ఓబులేసుకు చెప్తాలే," అని పెట్టేశాడు. జూన్ రెండో వారంలో తనకల్లు దారిలో విత్తనకాయల మూటలతో ట్రాక్టర్లు పోతుంటే బస్సులోంచి చూశాను.

ఆ వారమే అమావాస్యల రంగు తీసేసి, చేసినదంతా పై ఆఫీసుకు రాతపూర్వకంగా తెలిపాను. మందలింపు వచ్చింది, న్యాయమే. నేర్చుకున్నది ఇంతే: ఊరి ఆచారం మనకు తెలిసి ఉండాలి, కానీ దాన్ని మార్కెట్ సెలవుగా యంత్రానికి చెప్పకూడదు. ఒక అబద్ధం ఎక్కిస్తే యంత్రం దాన్నే నమ్మి, మిగతావన్నీ సరిగ్గా లెక్కవేస్తుంది. చీటీ రానప్పుడు ఎందుకు రాలేదని అడగడం ఉద్యోగి పని.

ఆ ఉత్తరంలోనే మూడో రంగు ఒకటి కావాలని అడిగాను. మార్కెట్ ఉంటుంది, మా ఖాతాదారులు కొత్తది పట్టరు, ఉన్నది మాత్రం వదులుకోగలరు అని తెలిపే రంగు. పరిశీలిస్తామన్నారు. నేను రిటైరయ్యే నాటికి ప్రోగ్రాం మూడుసార్లు మారింది. గడులకు రంగులు మాత్రం రెండే ఉన్నాయి.